త్రీ బెల్స్‌లో పరామర్శ

మా ఆయన అబద్ధం చెప్పడు. ఇది గొప్ప గుణమని పెళ్లిచూపుల్లో మా నాన్న మురిసిపోయాడు. కాపురం చేసేది నేను కాబట్టి అదెంత కష్టమో నాకే తెలుసు. చీర ఎలా ఉందని అడిగితే "నీకు నప్పలేదు" అంటాడు. పప్పుచారు పోస్తే "పులుపెక్కువ, పోపులో మెంతులు మాడాయి" అని రెండు ముద్దలకే తేల్చేస్తాడు. ఆఫీసులో ఆయన ఉద్యోగమూ అదే. మేం ఉద్యోగానికొచ్చిన ఈ పరాయి దేశంలో, సైన్స్ పార్క్ అనే ఆఫీసుల పేటలో ఒక కంపెనీలో టెస్టరు. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి, వాటికి నంబర్లు వేసి, రాసినవాడి మొహాన పడేయడం. దానికి వాళ్లు జీతమిస్తారు. ఇంట్లో అయితే ఉచితం.

ఒక్కసారంటే ఒక్కసారి, పెళ్లయిన కొత్తలో, రాజమండ్రిలో నేను చేసిన పనసపొట్టు కూర తిని "చాలా బాగుంది" అన్నాడు. మారు కూడా వడ్డించుకున్నాడు. ఆ తేదీ నాకు ఇప్పటికీ గుర్తే. గుర్తుపెట్టుకోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేని తేదీలెండి. ఆ తర్వాత ఆయన ఎన్ని వంకలు పెట్టినా నేను గరిటె పట్టుకుని తలెత్తుకు తిరుగుతున్నానంటే ఆ ఒక్క మాట బలం మీదే. కృష్ణమూర్తి నోట "బాగుంది" అని వచ్చిందంటే అది బాగున్నట్టే.

ఇలాంటి మనిషి చేత పబ్బు మీద రివ్యూ రాయించాడు మహీధర్.

అది రెండు వేల సంవత్సరం. వై టూ కే గండం గడిచి కంప్యూటర్లన్నీ క్షేమంగా బయటపడ్డాక, అందరికీ డాట్ కామ్ పిచ్చి పట్టుకుంది. మా ఆయన ఆఫీసులోనే పనిచేసే మహీధర్, కరీంనగర్ అబ్బాయి, రాత్రిళ్లు కూర్చుని ఒక వెబ్‌సైట్ కట్టాడు. ఎక్కడ తిన్నాం, ఎక్కడ తాగాం, ఎలా ఉంది అని జనమే అందులో రాస్తారట.

"జనం రాస్తరు, జనమే చదువుతరు వదినా. మనం నడుమ కూసుంటం. రెండేండ్లు ఆగు, సైన్స్ పార్క్‌ల మనదే ఒక బిల్డింగుంటది" అన్నాడు.

"రాసే జనం ఎక్కడున్నారయ్యా?" అంటే, మా ఆయన వైపు చూశాడు.

రాయడానికి మాకు తెలిసిన పబ్బు ఒక్కటే, త్రీ బెల్స్. సైన్స్ పార్క్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, పాత దుకాణాల వరసలో ఉండేది. లోపల అంతా నల్లబడిన చెక్క, ఎర్ర కార్పెట్, మసక దీపాలు, గోడకి బాణాలు విసిరే బల్ల. బార్ మీద పాత ఓడ నుంచి తెచ్చిన ఇత్తడి గంట వేలాడుతూ ఉండేది. మొదటిసారి వెళ్లినప్పుడు మహీధర్ దాన్ని చూసి, గుళ్లో అలవాటు కొద్దీ, లోపలికి వస్తూనే ఒక్క దెబ్బ కొట్టి కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి అక్కడున్న తెల్లవాళ్లంతా చప్పట్లు కొడుతున్నారు. ఆ గంట కొట్టినవాడు అందరికీ బీరు పోయించాలట. అప్పట్నుంచి వాడు ఆ గంట కింద నుంచి వంగి వెళ్తాడు.

యజమాని ఆర్థర్ అంకుల్. ఇంగ్లీషాయన, ఒకప్పుడు ఓడలో ఇంజనీరు. ఇక్కడి చైనీసావిడ ఐరీన్ ఆంటీని పెళ్లి చేసుకుని ఇక్కడే లంగరు వేసేశాడు. ఇద్దరే నడిపేవారు. ఆయన వంట, ఆవిడ లెక్క. మేం శాకాహారులమని తెలిశాక మా కోసమే మెనూలో వెజిటబుల్ పై అని ఒకటి చేర్చాడు. బంగాళాదుంప, క్యారెట్టు, బఠాణీ ఉడకబెట్టి, గిన్నెలో పోసి, పైన మైదాపిండి మూత వేసి కాల్చేవాడు. జ్వరం తగ్గినవాళ్లకి పెట్టే పథ్యం కూడా దానికన్నా రుచిగా ఉంటుంది. నేను చిప్స్ తిని ఊరుకునేదాన్ని. మా ఆయన మాత్రం ప్రతి శుక్రవారం ఆ పై తెప్పించుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిని, ట్రైన్లో దారి పొడుగునా దాని లోపాలు చెప్పేవాడు.

"మరెందుకు తింటారు?" అంటే "మన కోసం చేశాడు కదా" అనేవాడు.

సరే, రివ్యూ రాశాడు. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"లోపం ఒకటి: పై మూత. ఉండాల్సిన తీరు, చెంచా తగిలితే విరగాలి. ఉన్న తీరు, వంగుతోంది. తీవ్రత, ఎక్కువ. లోపం రెండు: లోపలి కూర. ఉప్పు, కారం, ఉద్దేశం, మూడూ లేవు. డ్రింక్: బీరు చల్లగా లేదు. ఇది పొరపాటా, పద్ధతా అని అడిగితే పద్ధతే అన్నారు. అట్మాస్ఫియర్: వెలుతురు తక్కువ. కార్పెట్ వాసన వస్తోంది. ఈ లోపాలు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయా: ప్రతి శుక్రవారం."

అది చదివి నాకు ప్రాణం ఉసూరుమంది. మహీధర్‌కి మాత్రం ఒళ్లు తెలియలేదు. తన సైట్లో పడ్డ మొదటి రివ్యూ అది. దాన్ని రంగుల్లో ప్రింటు తీసి, బుధవారం నాడు శుభలేఖ ఇచ్చినట్టు తీసుకెళ్లి ఐరీన్ ఆంటీ చేతిలో పెట్టి వచ్చాడు.

"డెబ్బయ్యేళ్ల ముసలాయన. మనకోసం ప్రత్యేకంగా వండి పెడుతుంటే ఇలాగా రాసేది? వెళ్లి సారీ చెప్పండి" అని రెండు రోజులు పోరాను.

"తప్పు రాస్తే చెబుతాను. అందులో తప్పెక్కడుందో చూపించు" అన్నాడు మా ఆయన. అది చూపించలేకే నాకు ఒళ్లు మండింది.

శుక్రవారం జనం రాకముందే వెళ్లి నేనే ఏదో ఒకటి సర్దిచెబుదామని, సాయంత్రం తొందరగా బయలుదేరాను. మా ఆయనా మహీధరూ ఆఫీసు నుంచి వచ్చి దారిలో కలిశారు. తలుపుకి "క్లోజ్డ్" అని బోర్డు వేలాడుతోంది. శుక్రవారం పూట ఆ పబ్బు మూసి ఉండటం మేమెప్పుడూ చూడలేదు. తోస్తే తెరుచుకుంది.

లోపలికి ఒక అడుగు వేసి ముగ్గురం ఆగిపోయాం.

బల్లలన్నీ ఒక మూలకి నెట్టేశారు. కుర్చీలన్నీ గోడల వెంట వరసగా వేశారు. పాటలు లేవు. మధ్యలో ఒక్క బల్ల మాత్రం ఉంచి, దాని మీద తెల్లగుడ్డ పరిచారు. గుడ్డ మీద ఆర్థర్ అంకుల్ ఫొటో, ఓడ యూనిఫాంలో, కుర్రతనపు నవ్వుతో. ఫొటోకి నిండుగా పూలదండ. బంతిపూలు, మల్లెలు కలిపి కట్టిన అసలు సిసలు దండ, ఇక్కడ మన పూలు దొరికే సెరంగూన్ రోడ్డుది. ముందు కొవ్వొత్తి వెలుగుతోంది.

మాకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఫొటోకి దండ పడిందంటే దానికి అర్థం మనకి ఒక్కటే.

"అయ్యో దేవుడా" అన్నాను. మహీధర్ వెనక్కి వెళ్లి గుమ్మం దగ్గర బూట్లు విప్పేశాడు. మేమూ విప్పేశాం. శుక్రవారం పరామర్శకు వెళ్లకూడదని మా అమ్మ అంటుంది కానీ, అడుగు పెట్టేశాక ఏం చేస్తాం? మా ఆయన మాత్రం ఆ ఫొటో వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఐరీన్ ఆంటీ లోపల్నుంచి వచ్చింది. తెల్ల జాకెట్టు, అలసిపోయిన కళ్లు. మమ్మల్ని చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, మీకెవరు చెప్పారు లా? ఎవరికీ చెప్పొద్దనుకున్నాం" అంది. మాట చివర లా అనడం ఇక్కడివాళ్ల అలవాటు.

"చెప్పాలా ఆంటీ, చూడగానే అర్థమైంది" అన్నాను నేను. వెళ్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. మనకి తెలిసిన పద్ధతి అదే కదా. చావు అనే మాట ఎత్తకుండా చుట్టూ తిరిగి మాట్లాడతాం.

"మీ అబ్బాయికి తెలుసా?" అన్నాను.

"పెర్త్ నుంచి వస్తున్నాడు. ఏడింటికి దిగుతాడు."

"పాపం, ఆ ఫ్లైట్లో ఎలా కూర్చున్నాడో."

"ఎకానమీలోనే" అంది ఆవిడ.

"డెబ్బై అంటే ఈ రోజుల్లో ఏమంత వయసు ఆంటీ?"

"నేనూ అదే అంటాను. ఆయనే వినడు."

"ఇక ఈ పబ్బు ఎవరు చూసుకుంటారు?" అన్నాడు మహీధర్ గొంతు తగ్గించి.

"ఎవరు చూస్తారు? నేనే. ఎప్పుడు మాత్రం ఆయన చూశాడు గనక" అంది ఆంటీ. ఎంత గుండె నిబ్బరమో అనుకుని కళ్లు తుడుచుకున్నాను.

అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. "ఆంటీ, నేను రాసింది అంకుల్ చదివారా?"

ఆవిడ మొహం ముడుచుకుంది. "చదివాడా! ఎన్నిసార్లు చదివాడో. భోజనం వద్దన్నాడు. రాత్రంతా కునుకు లేదు. తెల్లారకుండానే లేచి కిచెన్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. నేను వద్దన్నాను, గట్టిగా అరిచాను, వినలేదు. ఇంక పొద్దున్న..."

అంతలో వెనక తలుపు దగ్గర ఎవరో బెల్ కొట్టారు. ఆంటీ "ఒక్క నిమిషం లా" అంటూ పరుగెత్తింది.

మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"నేనే చంపేశాను కాత్యాయనీ" అన్నాడు.

"అట్ల అనకన్నా. రివ్యూ ఇప్పుడే పోయి డిలీట్ చేస్త. మొత్తం సైటే బంద్ చేస్త" అన్నాడు మహీధర్. వాడి కళ్లలో నీళ్లు. బిల్డింగు సంగతి అప్పటికి మర్చిపోయాడు పాపం.

"డిలీట్ చేస్తే ఆయన తిరిగొస్తాడా?" అన్నాను. ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి నాకు. ఇన్నాళ్లూ నా కూరల మీద ఎన్ని రాసినా నేను బతికే ఉన్నాను, ఎందుకంటే నేను గట్టిదాన్ని. పాపం ఆ పెద్దాయనకి అలవాటు లేదు.

మా ఆయన లేచి ఫొటో ముందుకి వెళ్లాడు. చేతులు జోడించాడు. తర్వాత ఆయనకి తెలుగు రాదని గుర్తొచ్చి కాబోలు, ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"అంకుల్, పై బాగుండదు. మీ ముందు నిలబడి ఇప్పుడు కూడా అబద్ధం చెప్పలేను" అన్నాడు.

"ఏమండీ!" అన్నాను నేను పళ్ల మధ్య నుంచి.

"కానీ నేను రాయనిది ఒకటుంది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఆరుగురం ఒక ఫ్లాట్లో ఉండేవాళ్లం. ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఓపిక కూడా ఎవరికీ ఉండేది కాదు. ఆఫీసులో నన్ను క్రిష్ అని సగానికి కోసేశారు. మీరొక్కరే నా పేరు పూర్తిగా అడిగి, కూడబలుక్కుని నేర్చుకున్నారు. వారమంతా ఎలా గడిచిందని అడిగి, నేను చెప్పేదాకా చేతిలో పని ఆపి నిలబడేవారు. మా ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు బార్ అంటే భయపడి గుమ్మంలోనే ఆగిపోతే, కిటికీ పక్క బల్ల తుడిచి, ఇక ప్రతి శుక్రవారం ఇది కాత్యాయనిది అన్నారు. నేను ఇక్కడికి వచ్చేది దాని కోసం. మహీధర్ సైట్లో ఫుడ్, డ్రింక్, అట్మాస్ఫియర్ అని మూడే గడులున్నాయి. అట్మాస్ఫియర్ గడిలో వెలుతురు తక్కువ అని రాశాను. ఆ గడిలో మిమ్మల్ని రాయాలని నాకు తట్టలేదు. నన్ను క్షమించండి."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడేళ్ల కాపురంలో ఆ మనిషి ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

"మూత వంగుతుందన్నావుగా" అని వెనక నుంచి ఒక గొంతు. "ఇది చూడు, వంగదు."

కిచెన్ తలుపులో ఆర్థర్ అంకుల్ నిలబడి ఉన్నాడు. ఒంటి నిండా పిండి. చేతిలో పొగలు కక్కుతున్న పై.

మహీధర్ కెవ్వుమని కేక వేసి కుర్చీ ఎక్కేశాడు. "అమ్మో! అన్నా! పిండి పూసుకొని వచ్చిండే!" నేను ఆంజనేయ దండకం మొదలుపెట్టి రెండో మాట దగ్గరే మర్చిపోయాను. మా ఆయన మాత్రం జోడించిన చేతులు జోడించినట్టే ఉంచి, ఫొటోనీ మనిషినీ మార్చి మార్చి చూశాడు. టెస్టరు కదా.

"మీరు బతికే ఉన్నారు" అన్నాడు చివరికి.

"ఇవాళ్టికి డెబ్బయ్యేళ్లుగా" అన్నాడు అంకుల్.

పుట్టినరోజు! ఐరీన్ ఆంటీ ఎవరికీ చెప్పకుండా పార్టీ పెట్టి, వచ్చిన ప్రతివాళ్లనీ ఆశ్చర్యపరుద్దామనుకుందట. మన పెళ్లిళ్లలో పెద్దవాళ్లకి దండలు వేసి గౌరవించడం చూసిందట. మా ముచ్చట కోసమని సెరంగూన్ రోడ్డుకి వెళ్లి మరీ కొనుక్కొచ్చింది. అంకుల్ ఉక్కపోతకి మెళ్లో వేసుకోనంటే, పోనీలెమ్మని ఫొటోకి తగిలించింది. కొవ్వొత్తి అందానికి.

దండ వేసిన ఫొటోకి మన దగ్గర అర్థం ఏమిటో నేను నసుగుతూ చెప్పాను. ఆంటీ మొహం చూడాలి. "చోయ్! చోయ్!" అని, మనం శాంతం పాపం అన్నట్టు, అరుస్తూ బార్ చెక్కని మూడుసార్లు కొట్టి, ఒక్క ఊపున దండ లాగి, కొవ్వొత్తి ఉఫ్ మని ఊదేసింది. అంకుల్ కడుపుబ్బ నవ్వి, నవ్వలేక బల్ల పట్టుకుని, ఆ దండ ఆవిడ చేతిలోంచి తీసుకుని తన మెళ్లో వేసుకున్నాడు.

ఈలోగా ఆంటీ తలుపుకున్న బోర్డు తీసేసింది, పాత ఖాతాదార్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. గుమ్మంలో మా మూడు జతల బూట్లు చూసి, ఇవాళ ఇదే పద్ధతి కాబోలనుకుని తెల్లవాళ్లు కూడా బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికి వచ్చారు. ఒకాయన బొటనవేలు మేజోడు చించుకుని బయటికి చూస్తోంది. కార్పెట్ వాసన మీద ఆ సాయంత్రం ఇంకెవరూ ఫిర్యాదు చెయ్యలేదు, అంతకన్నా ఘాటు వాసనలు వచ్చాయి.

అందరూ చేరాక ఆర్థర్ అంకుల్ మా ఆయన్ని భుజాలు పట్టుకుని మధ్య బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"నువ్వు ఫొటోతో చెప్పిందంతా విన్నాను. దాని గురించి మాట్లాడితే నేను ఏడుస్తాను, కాబట్టి మాట్లాడను" అన్నాడు. "ఇన్నేళ్లుగా పబ్బు నడుపుతున్నాను. అందరూ బాగుంది బాగుంది అని చెప్పి సగం వదిలేసి పోతారు. నువ్వొక్కడివే బాగోలేదని రాశావు. గిన్నె మాత్రం ప్రతిసారీ ఖాళీ. అందుకే తెల్లవారుజాము నుంచి చేస్తూనే ఉన్నాను. మూడు పారేశాను, ఇది నాలుగోది. తిను. తిని నిజం చెప్పు."

అందరూ ఆ బల్ల చుట్టూ మూగారు. అంకుల్ మెళ్లో దండతో, పిండి చేతులు నలుపుకుంటూ, రిజల్ట్సు బోర్డు ముందు నిలబడ్డ కుర్రాడిలా చూస్తున్నాడు. మా ఆయన సంగతి నాకు తెలుసు. దేవుడు దిగివచ్చి ప్రసాదం పెట్టినా ఉప్పు చూసే మాట్లాడతాడు. ఒక్కసారి, ఈ ఒక్కసారి, అని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను.

మా ఆయన చెంచాతో మూత మీద కొట్టాడు. నిజంగానే వంగలేదు. విరగనూ లేదు. రెండో దెబ్బకి పెంకు పగిలినట్టు పగిలింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. నములుతూనే ఉన్నాడు. ఆయన దవడ దగ్గర ఒక నరం కదిలింది. నా వంట నచ్చనప్పుడల్లా కదిలేది అదే.

మింగాడు. ఆర్థర్ అంకుల్ కళ్లలోకి చూశాడు.

"బాగుంది" అన్నాడు. "చాలా బాగుంది." అని మారు వడ్డించుకున్నాడు.

ఆర్థర్ అంకుల్ వెళ్లి గంట కొట్టాడు, అదీ మూడుసార్లు. జనం అరిచిన అరుపులకి పైకప్పు లేచిపోతుందేమో అనిపించింది. మహీధర్ ఆనందం పట్టలేక తనూ ఒకటి కొట్టి, కొట్టాక గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు.

ఎనిమిదిన్నరకి కొడుకు వచ్చాడు. మేం కేకు తిని, "వెళ్లొస్తాం" అని మరీ గట్టిగా చెప్పి బయటపడ్డాం. పరామర్శకి వచ్చినవాళ్లు ఆ మాట అనకూడదు కాబట్టి నేను రెండుసార్లు అన్నాను.

చోవా చు కాంగ్‌లో ట్రైన్ దిగి, మా ఇల్లున్న బుకిట్ పంజాంగ్ వెళ్లే కొత్త బుల్లి రైలెక్కాం. దానికి డ్రైవరుండడు. ఫ్లాట్లని ఆనుకుని పోతుంది కాబట్టి, ఇళ్ల దగ్గరికి రాగానే ఎవరూ తొంగిచూడకుండా కిటికీ అద్దాలు వాటంతటవే తెల్లగా మసకబారిపోతాయి.

"ఇప్పుడు చెప్పండి. నిజంగా ఎలా ఉంది?" అన్నాను.

"పాతదే నయం" అన్నాడు మా ఆయన. "ఉప్పు ఈసారి రెండుసార్లు వేసినట్టున్నాడు."

"మరి బాగుందన్నారే!"

"పుట్టినరోజు నాడు, తెల్లారి నుంచి నిలబడి చేసి, అలా చూస్తూ నిలబడితే ఏం చెప్పమంటావు?"

నాకు ఆ మనిషి మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, చుట్టూ జనం ఉన్నా చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్లుగా ఈయన రాయి అనుకున్నాను. కాదు. ఎదుటి మనిషి మొహం చూసి, వాళ్ల సంతోషం కోసం ఒక్క మాట తేలిగ్గా అనేయగలడు. మారు వడ్డించుకుని మరీ అనగలడు. అలా రెండు స్టేషన్లు గర్వంగా కూర్చున్నాను.

మూడో స్టేషన్ దాటుతుండగా నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

"ఏమండీ."

"ఊఁ."

"రాజమండ్రిలో పనసపొట్టు కూర చాలా బాగుందన్నారు. మారు కూడా వడ్డించుకున్నారు."

"అవును."

"ఆ రోజు నా పుట్టినరోజు."

మా ఆయన చటుక్కున కిటికీ వైపు తిరిగాడు. అద్దం అప్పటికే తెల్లబడిపోయింది. అయినా మా స్టేషన్ వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు.